కొండయాత్రకు ముందుచూపు

కొండను చూచినప్పుడు దాని శిఖరమునకు పోవలెనను కోరిక పుట్టని బాలబాలిక లుండుట యరుదు. ఎప్పుడును సమతలమును, సముద్రమును చూచుచు పెరిగినవారికి ఆ కోరిక మరింత ప్రబలముగ నుండును. నెల్లూరు సీమలో తూర్పున సముద్రము, పడమట వెలికొండలు కలవు. నడుమ చెన్నపట్టణమునుండి బెజవాడకు పోవు రైలుమార్గమున బిట్రగుంట స్టేషను, దానిని చేరి బోగోలు ఉన్నవి. అచ్చటి విద్యార్థి యొకడు, “కొండ యెక్కి, వేడినీటిబుగ్గలో స్నానము చేసి రావలెను” అని తలచెననుకొందము. ఈ కోరిక పుట్టుటకు క్షణము చాలును. దానిని క్షేమముగ నెరవేర్చుకొనుటకు మాత్రము పలుదినముల ఆలోచన కావలయును.

కొండయాత్ర శిఖరముతో ముగియదు. ఎక్కినవాడు దిగవలెను, దిగినవాడు ఇల్లు చేరవలెను. కావున యాత్రకు పథకము వేయువారు, “ఎట్లు పోవుదుము?” అను ప్రశ్నకంటె ముందుగ, “ఎట్లు మరలివత్తుము?” అను ప్రశ్నను వేసికొనవలెను. ఈ పాఠములోని విషయమంతయు ఈ యొక్కప్రశ్నకు సమాధానమే.

నెల్లూరుజిల్లాయే మనకు గొప్ప పర్వతారోహకు నొకని నిచ్చినది. ఆయన పేరు మల్లి మస్తాన్‌బాబు. సంగం మండలములోని గాంధీజనసంఘము అను పల్లెలో 1974లో జన్మించెను. విజయనగరము సమీపమునగల కోరుకొండ సైనికపాఠశాలలో చదివెను. ఆ పాఠశాలలోనే అంతకుముందు చదివిన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణములు కోల్పోయెను. ఆ వీరుని కథయే మస్తాన్‌బాబునకు ప్రేరణ యయ్యెను.

మస్తాన్‌బాబు 2006లో ఏడుఖండములలోని అత్యున్నత శిఖరములను ఏడింటిని 172 దినములలో ఎక్కెను. జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరముతో మొదలిడి, జూలై 10న అలాస్కాలోని దెనాలీ శిఖరముతో ముగించెను. ఈ వరుసను గమనింపుడు. మనకు చలికాలమైన జనవరిలో దక్షిణధ్రువ ప్రాంతమున వేసవి. అందుచే విన్సన్ మొదట వచ్చినది. ఫిబ్రవరిలో దక్షిణఅమెరికాలోని అకొంకాగ్వా, మార్చిలో ఆఫ్రికాలోని కిలిమంజారో, ఏప్రిల్ మొదటిదినమున ఆస్ట్రేలియాలోని కోషియస్కో పూర్తియైనవి. ఎవరెస్టుపై గాలుల వేగము కొంత తగ్గునది మేనెలలో. కావున దానిని మే 21న ఎక్కెను. ఉత్తరదేశములలో మంచుతీవ్రత తగ్గు జూన్, జూలైలకు ఐరోపాలోని ఎల్‌బ్రుస్, దెనాలీ మిగిలినవి. కాళ్ల బలము శిఖరములను ఎక్కించినది నిజమే; కాని ఆ 172 దినములను సాధ్యము చేసినది పంచాంగమును, ఋతువులను ఎరిగిన ముందుచూపు.

అంతటి నిపుణుడును 2015 మార్చిలో, అర్జెంటీనా చిలీ దేశముల సరిహద్దున ఆండీస్ పర్వతములలోని త్రెస్ క్రూసెస్ శిఖరమునకు ఒంటరిగ పోయి తిరిగి రాలేదు. వాతావరణము విషమించినది. ఏప్రిల్ 3న ఆయన భౌతికకాయము లభించినది. స్వగ్రామమునకు తెచ్చి అంత్యక్రియలు జరిపిరి. ఆయన ధైర్యమును మనము గౌరవింపవలెను. ప్రకృతియెదుట ఎంతటి నేర్పరికైనను పరిమితి కలదను సత్యమునుగూడ మనసున నిలుపుకొనవలెను. ఆయన జిల్లాలోని పిల్లలు కొండలకు పోకుండుట ఆయనను గౌరవించుట కాదు. తగినరీతిని పోయి క్షేమముగ మరలివచ్చుటయే గౌరవించుట.

ఇప్పుడు మన విద్యార్థి కోరికకు వత్తము. కొండయు, వేడినీటిబుగ్గయు ఒకే యాత్రలో చూడదగిన స్థలము కావలెను. తూర్పుకనుమలలో అట్టి జంట యొకటి కలదు. ఒకటి మహేంద్రగిరి, రెండవది తప్తపాణి. రెండును నేటి ఒడిశా రాష్ట్రములో, మన శ్రీకాకుళము జిల్లాకు ఆవల ఉన్నవి. మహేంద్రగిరి గజపతి జిల్లాలోనిది. తప్తపాణి గంజాం జిల్లాలోనిది. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడునంతవరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలో భాగము. నేటికిని బరంపురము, పర్లాకిమిడి పట్టణములలో తెలుగు వినబడును. అందుచే మన పిల్లలకు అచ్చట పరాయితనము తోచదు.

ఒక చిన్న హెచ్చరిక. తమిళనాడులోను మహేంద్రగిరి యను పర్వతము కలదు. భారత అంతరిక్ష పరిశోధనా సంస్థవారు రాకెట్ల యింజనులను పరీక్షించునది అచ్చట. మనము పోదలచినది కళింగదేశపు మహేంద్రగిరి. పేరొకటియైనంత మాత్రమున ఊరొకటి కాదు. టిక్కెట్టు కొనుటకు ముందే పటమును విప్పి చూడవలెను.

మహేంద్రగిరి యెత్తు 1,501 మీటర్లు. ఇంత యెత్తును మొదటి ప్రయత్నముననే ఎక్కబూనుట తగదు. బోగోలు పిల్లలకు తొలిమెట్టు ఇంటిచెంతనే కలదు. కొండబిట్రగుంటలోని ప్రసన్నవేంకటేశ్వరస్వామి ఆలయము కొండమీదనే యున్నది. వారమునకు రెండుమారులు సంచి భుజమున వేసికొని ఆ కొండ నెక్కి దిగినచో, ఎవని ఊపిరి ఎంతవరకు నిలుచునో, ఎవని చెప్పులు కాలిని కొరుకునో తెలియును. రెండవమెట్టు ఉదయగిరి. ఆ దుర్గము నెలకొన్న కొండ సుమారు 3,000 అడుగుల యెత్తుగలది. శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి 1514లో గజపతులనుండి గెలుచుకొన్న కోట యిదియే. ఈ రెండుమెట్లను దాటినవారే మూడవదానికి అర్హులు. నిజామాబాదుజిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏండ్ల వయస్సున, 2014 మే 25న, సాధనపల్లి ఆనందకుమార్‌తోకూడ ఎవరెస్టు శిఖరమును చేరెను. ఆ బాలికయు మొదట ఎక్కినది ఎవరెస్టు కాదు, భువనగిరి బండ. చిన్నకొండ పెద్దకొండకు పాఠశాల.

తరువాత కాలనిర్ణయము. వేసవిలో ఎండదెబ్బ, పిడుగుల భయము. వర్షాకాలమున జారుడుబండలు, జలగలు, పొంగు వాగులు. అక్టోబరులో తుపాను భయము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, శ్రీకాకుళము కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టము చేసినది. గజపతిజిల్లా కొండలలో చరియలు విరిగి ప్రాణనష్టమును కలిగినది. కావున డిసెంబరు, జనవరి నెలలు మేలు. అప్పుడు ఆకాశము తేటగనుండును. అట్టి దినములలో శిఖరమునుండి బంగాళాఖాతము కనబడును. శివరాత్రినాడు భక్తులు వేలకొలదిగ వత్తురు. తొలిసారి పోవు పిల్లలజట్టుకు ఆ రద్దీ తగదు.

బిట్రగుంటనుండి బెజవాడ, విశాఖపట్టణము, పలాసల మీదుగ బరంపురమునకు రైలుమార్గమున సుమారు 850 కిలోమీటర్లు. పోవుటకు ఒకదినము, కొండ పాదమును చేరుటకు ఒకదినము, ఎక్కి దిగుటకు ఒకదినము, తప్తపాణికి ఒకదినము, మరలివచ్చుటకు ఒకదినము—మొత్తము అయిదుదినములు. పథకములో ఆరుదినములు వ్రాయుడు. ఆ ఆరవదినము వృథా కాదు. మబ్బు పట్టినచో ఆగుటకు, ఎవరికైనను జ్వరము వచ్చినచో నిలుచుటకు ఆ దినము మనకు స్వేచ్ఛ నిచ్చును. మిగులుదినము లేని జట్టు, “ఈ దినము ఎక్కకున్న మరి ఎక్కలేము” అని వానలోనే బయలుదేరును. కొండలలో ప్రమాదములకు తొందరయే తరచుగ మొదటికారణము.

బయలుదేరుటకు ముందు తల్లిదండ్రుల అంగీకారపత్రము, ప్రధానోపాధ్యాయుని అనుమతి ఉండవలెను. అచ్చటి అటవీశాఖవారిని, పోలీసుస్టేషనువారిని దారి స్థితినిగూర్చి విచారింపవలెను. ఆ కొండలలో ఏనుగులు తిరుగును. 2007లో లఖారి అడవులనుండి ఏనుగుల గుంపు శ్రీకాకుళము జిల్లాలోనికే దిగివచ్చినది. అందుచే దారి యెరిగిన స్థానికుని వెంట తీసికొనకుండ ఒక్క అడుగైనను వేయరాదు. అచ్చటి పల్లెలలో సవరలు నివసింతురు. వారి భాషను నేర్చి, వారికి బడులు పెట్టి, నిఘంటువును రచించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండినవారు. అన్ని దినములు మనము అచ్చట నుండబోకున్నను, వారియెదుట వినయముగ మెలగుటయైనను ఆయననుండి నేర్చుకొనవచ్చును. వారు “ఈ దినము పోవలదు” అన్నచో ఆ మాట మనకు ఆజ్ఞ.

మహేంద్రగిరి పురాణప్రసిద్ధము. పరశురాముడు తపస్సు చేసినది ఈ పర్వతముననే యని చెప్పుదురు. శిఖరప్రాంతమున భీముని పేరను, ధర్మరాజు పేరను, కుంతి పేరను పిలువబడు ప్రాచీన శిలాలయములు కలవు. ఈ కొండలలో పుట్టిన మహేంద్రతనయ యను నది మన శ్రీకాకుళము జిల్లాలో ప్రవహించి బారువవద్ద సముద్రమును చేరును. ‘మహేంద్రుని కూతురు’ అని దాని పేరునకు అర్థము. ఆలయశిలలపై పేర్లు చెక్కుట, నదికి జన్మస్థానమైన చోట చెత్త పారవేయుట ఎంత తప్పో చెప్పనక్కరలేదు.

ఇక కాలముయొక్క లెక్క. 1892లో నెయిస్మిత్ అను స్కాట్లండు దేశీయుడు కొండనడకకు ఒక సూత్రము చెప్పెను. ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒకగంట. ప్రతి 600 మీటర్ల యెత్తునకు మరియొక గంట. మహేంద్రగిరిపై కొంత యెత్తువరకు బండ్లబాట కలదు. మీరు నడువదలచిన భాగము 10 కిలోమీటర్ల దూరము, 900 మీటర్ల యెత్తు అనుకొనుడు. దూరమునకు రెండుగంటలు, ఎత్తునకు గంటన్నర—మొత్తము మూడున్నర గంటలు. ఇది అలవాటుపడిన పెద్దవారి నడక. పిల్లలకు, విశ్రాంతికి, నీరు త్రాగుటకు గంటన్నర కలుపుడు, అయిదుగంటలు. ఉదయము 6.30 గంటలకు బయలుదేరినచో 11.30కు శిఖరము. దిగుటకు నాలుగుగంటలు. డిసెంబరులో ఆ ప్రాంతమున సాయంకాలము 5 గంటలు దాటిన కొద్దిసేపటికే ప్రొద్దు క్రుంకును. అడవిలో అంతకుముందే చీకటిపడును.

ఈ లెక్కనుండి ఒక గంటను నిర్ణయించి, కాగితమున పెద్ద అక్షరములతో వ్రాయవలెను: “మధ్యాహ్నము 12 గంటలు—ఎచ్చట నున్నను మరలవలెను.” దీనిని మరలుగంట యందము. శిఖరము నూరడుగుల దూరముననే కనబడుచున్నను, పన్నెండు కొట్టగనే వెనుకకు తిరుగవలెను. ఇది వినుటకు సులభము, చేయుటకు కఠినము. శిఖరము కనబడుచుండగ మనసు వాదించును: “ఇంకొక్క పావుగంటయే కదా!” ఆ పావుగంట దిగునప్పుడు చీకటిలో గంటగా మారును. అందుచే నిర్ణయమును కొండపైన చేయరాదు. ఇంటివద్ద, తిండితిని కూర్చున్నప్పుడు, చల్లనిబుద్ధితో చేయవలెను. కొండపైన దానిని పాటించుటయే పని. మరలివచ్చినవానికి కొండ మరునాడును అచ్చటనే యుండును.

జట్టునకు మరియొక నియమము. అందరికంటె మెల్లగ నడుచువానిని ముందు నడువనిండు. వాని వేగమే జట్టు వేగము. చివర ఒక ఉపాధ్యాయుడు నడువవలెను; ఆయనకు వెనుక ఎవరును మిగులరాదు. ప్రతి విశ్రాంతిస్థలమున తలలు లెక్కపెట్టవలెను. ముందు పరుగెత్తి శిఖరము చేరినవాడు ధీరుడు కాడు. తోడివాడు కుంటుట చూచి సంచిని పట్టుకొన్నవాడే ధీరుడు.

ఒక్కొక్కరు రెండులీటర్ల నీరు, వేరుసెనగపప్పు, బెల్లము, అటుకులు, ఖర్జూరములు, ఒక ఉన్నిచొక్కా, వానకోటు, టార్చిలైటు, ఈల తీసికొనవలెను. జట్టునకు ప్రథమచికిత్స పెట్టె, దిక్సూచి, పటము ఉండవలెను. చేతిఫోనును నమ్ముకొనరాదు, కొండమడతలలో అది మూగది కావచ్చును. ఉన్నిచొక్కా యేల యందురేమో? ఎత్తునకు పోయినకొలది గాలి చల్లబడును. 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును. కావున మహేంద్రగిరి శిఖరము సముద్రతీరముకంటె సుమారు పదిడిగ్రీలు చల్లన. అచ్చట నీరు 100 డిగ్రీలవద్ద గాక 95 డిగ్రీలవద్దనే మరగును. అన్నము ఉడుకుటకు ఎక్కువసేపు పట్టును. ఉరుము వినబడినచో శిఖరమును, గట్టును వెంటనే విడిచి దిగవలెను. ఒంటరిచెట్టు క్రింద నిలువరాదు.

కొండ దిగి, రాత్రి విశ్రమించి, మరునాడు తప్తపాణికి పోవుదము. ఇది బరంపురమునకు పడమట సుమారు 50 కిలోమీటర్ల దూరమున, అడవికొండల నడుమ ఉన్నది. గంధకపువాసనగల వేడినీరు భూమినుండి ఊరును. చెంతనే దేవీస్థానము కలదు. ఒడిశా పర్యాటకాభివృద్ధిసంస్థ వారి పాంథనివాసమునకు ఈ వేడినీటిని గొట్టములద్వారా తెచ్చి స్నానపుతొట్లకు అందింతురు.

నిప్పులేకుండ నీరు కాగుటెట్లు? కొండపైకి పోయినకొలది చల్లబడుటను చూచితిమి. భూమిలోనికి పోయినకొలది అందుకు విపర్యయము. కిలోమీటరు లోతునకు సామాన్యముగ 25 మొదలు 30 డిగ్రీల వేడి పెరుగును. ప్రదేశమునుబట్టి హెచ్చుతగ్గులు కలవు. తెలుగువారు పలువురు శ్రమించిన కోలారు బంగారుగనులు 3 కిలోమీటర్లకు మించిన లోతు గలవి. 2001లో మూతపడునంతవరకు ఆ లోతులలోని కార్మికులు పొంగు వేడిలో పనిచేసిరి. గాలిని చల్లబరచి లోనికి పంపవలసి వచ్చెను. కొండలపై కురిసిన వాననీరు బండల పగుళ్లవెంట అట్టి లోతులకు ఇంకి, అచ్చటి వేడిని గ్రహించి, మరియొక పగులుద్వారా వేగముగ పైకి వచ్చినచో వేడినీటిబుగ్గ యగును. దారిలో శిలలనుండి లవణములను, గంధకమును కరిగించుకొనును. అగ్నిపర్వతము లేనిచోటను వేడినీరు ఊరుటకు కారణ మిదియే. శిఖరము భూమియొక్క ఎత్తును చూపును. బుగ్గ దాని లోతును చూపును. ఒకే యాత్రలో రెండును చూచువారు అదృష్టవంతులు.

ఇట్టి బుగ్గలు తెలుగునేలనుగూడ కలవు. భద్రాచలము సమీపమున గోదావరి యొడ్డునగల గుండాలలో ఇసుక త్రవ్వినచో వేడినీరు ఊరును. మణుగూరు చెంత పగిడేరులో లోతైన బోరుబావినుండి వేడినీరు పొంగును. ఆ వేడితో విద్యుత్తు తీయుటకు సింగరేణి సంస్థవారు 20 కిలోవాట్ల ప్రయోగకేంద్రము నెలకొల్పిరి. హిమాచలప్రదేశములోని మణికరణ్‌లో బుగ్గనీటిలోనే బియ్యము ఉడికింతురు. దీనినిబట్టి బుగ్గలన్నియు స్నానయోగ్యములు కావని గ్రహింపవలెను. ఊట పుట్టుచోట ఎన్నడును దిగరాదు. స్నానమునకు ఏర్పరచిన తొట్టియందే దిగవలెను. మొదట మోచేయి ముంచి చూడవలెను. మన దేహపు వేడి 37 డిగ్రీలు. 40 డిగ్రీలకు మించిన నీరు పిల్లలకు తగదు. పది పదునైదు నిముషములే యుండవలెను. తల తిరిగినచో వెంటనే వెలికి రావలెను. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక దిగరాదు. తల ముంచుట, ముక్కులోనికి నీరు పోనిచ్చుట కూడదు. వెచ్చని సహజజలములలో హానికర సూక్ష్మజీవు లుండవచ్చును. జపానుదేశమున వేడినీటికొలనులో దిగుటకు ముందే ఒడలు శుభ్రముగ కడుగుకొందురు. సబ్బును కొలనులోనికి తేరు. ఈ మర్యాద మనకును అనుసరణీయము.

కొండ యెక్కిన సాయంకాలముననే వేడినీట దిగరాదా యని అడుగవచ్చును. చెమటతో నీరు కోల్పోయిన దేహము వేడినీటిలో సొమ్మసిల్లవచ్చును. కడుపునిండ నీరు త్రాగి, తిని, నిద్రించిన పిమ్మట స్నానము హాయినిచ్చును. కొండకు ముందు బుగ్గకు పోయినచో, ఆ హాయిలో కాళ్లు బద్ధకించును. కావున కొండ ముందు, బుగ్గ తరువాత. కష్టము పిమ్మట వచ్చిన సుఖమునకే రుచి యెక్కువ.

విద్యార్థులారా! పథకమును వ్రాసిన కాగితమును రెండుప్రతులు చేయుడు. ఒకటి జట్టునాయకుని సంచిలో, రెండవది ఊరిలో ఒక పెద్దమనిషి చేతిలో నుండవలెను. మీరు ఎప్పుడు ఎచ్చట నుందురో, ఏ గంటకు వార్త పంపుదురో, వార్త రానిచో ఎవరిని పిలువవలెనో అందులో వ్రాసియుండవలెను. ఆ కాగితమున శిఖరముపేరు నడుమ ఎచ్చటనో యుండును. దాని చివరిపంక్తి మాత్రము ఎల్లప్పుడును ఒక్కటే: “అందరును బిట్రగుంట స్టేషనులో దిగుట.” ఆ పంక్తిని నిజము చేయగలవారికే కొండ యెక్కు అధికారము కలదు.